ఫలం ఎవరిది? అమెరికన్ సాంఘిక చిత్రాలలో నాయక సమస్య

సంఘంలోని అన్యాయాన్ని కథావస్తువుగా గ్రహించిన ప్రతి రచయితకూ వస్తువు దొరికిన మరుక్షణమే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఈ కథకు నాయకుడెవరు? అన్యాయానికి గురి అయినవాడా, దానిని చూచి చలించినవాడా, లేక దానిని ఎదిరించి వాదించినవాడా? ఈ ముగ్గురూ ఒకే వ్యక్తి అయినప్పుడు చిక్కు లేదు. వేరువేరు వ్యక్తులయినప్పుడే రచన ఎవరి పక్షం వహించినదో తేలుతుంది. రచయిత హృదయంలో ఎంత సానుభూతి ఉన్నదీ అనే దానిని బట్టి కాక, అతడు కూర్చిన కథాసంవిధానాన్ని బట్టి ఈ నిర్ణయం జరుగుతుంది.

మన లాక్షణికులకు ఈ సమస్య తెలియనిది కాదు. ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని విభజించే సందర్భంలో ఫలంపై గల స్వామ్యాన్నే అధికారమనీ, ఆ ఫలానికి ప్రభువైనవాడే అధికారి అనీ నిర్ణయించినాడు. రంగస్థలం మీద ఎక్కువసేపు నిలిచినవాడు, ఎక్కువ మాటలాడినవాడు నాయకుడని ఆయన చెప్పలేదు. కథ చివర పండిన పండు ఎవరి చేతికి అందినదో అతడిదే ఆ కథ. రాజులను, దేవతలను ఉద్దేశించి ఏర్పరచిన ఈ కొలత, ఆధునిక సాంఘిక కథలకు సైతం ఆశ్చర్యకరంగా పనికివస్తుంది. ఏలనన, సాంఘిక కథలలో బాధ ఒకరిది, ఫలం మరొకరిది కావడం తరుచు జరుగుతూ ఉంటుంది.

ఈ కొలతతో అమెరికన్ చలనచిత్రాలను కొన్నింటిని పరిశీలించుట ఈ వ్యాసం ఉద్దేశం. ఆ దేశపు చిత్ర పరిశ్రమ కేవలం వినోదం అమ్ముకొనే వ్యాపారమని మనలో ఒక అభిప్రాయం ఉన్నది. అది అర్ధసత్యం. కరవు, నిరుద్యోగం, వర్ణవివక్ష, న్యాయస్థానాల లోపాలు, కార్మిక సంఘాల అంతర్గత దౌర్జన్యం మొదలైన విషయాలపై అక్కడ గట్టి చిత్రాలు వచ్చినవి. అవి వచ్చిన పరిస్థితులు సామాన్యమైనవి కావు. 1934 నుంచి 1968 వరకు నిర్మాతలు తమకు తామే విధించుకొన్న ఒక నియమావళి అమలులో ఉండెను. చట్టాన్ని అవహేళన చేయరాదనీ, నేరం చేసినవాడి పట్ల ప్రేక్షకుడికి సానుభూతి కలిగించరాదనీ అందులో నిబంధనలు కలవు. చట్టమే అన్యాయంగా ఉన్నచోట కథకుడు ఏమి చేయగలడు? చట్టాన్ని వదలి, మనిషి మీదికి మళ్ళవలసి వచ్చినది. సంఘం మీద వేయవలసిన ప్రశ్నను ఒక మంచివాడి మనస్సాక్షికి పరీక్షగా మార్చినారు. ఆ మార్పులో వారు సాధించినదేమి, పోగొట్టుకొన్నదేమి అనేదే మనకు ముఖ్యం.

మొదట 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'. జాన్ స్టైన్‌బెక్ నవల 1939లో వెలువడినది. మరుసటి సంవత్సరమే, 1940లో, జాన్ ఫోర్డ్ దర్శకత్వాన చిత్రమైనది. దుమ్ము తుఫానుల వలన, అప్పుల వలన ఓక్లహోమాలో సేద్యం కోల్పోయిన జోడ్ కుటుంబం ఒక పాత ట్రక్కులో కాలిఫోర్నియాకు వలసపోవడం ఇందులోని కథ. ఈ చిత్రంలో మ్యూలీ అనే రైతు తన ఇంటిని పోగొట్టుకొనే ఘట్టం ఒకటి ఉన్నది. సంఘానికీ వ్యక్తికీ మధ్య ఉన్న అగాధాన్ని ఇంత క్లుప్తంగా చూపిన దృశ్యం అరుదు. భూమి ఖాళీ చేయమని చెప్పడానికి వచ్చిన మనిషి తనది తప్పు కాదంటాడు. కంపెనీది అంటాడు. కంపెనీ వెనుక బ్యాంకు ఉన్నది. బ్యాంకు మేనేజరుకు ఆజ్ఞలు ఎక్కడో తూర్పు నుంచి వస్తాయి. తుపాకి చేతబట్టిన రైతుకు ఎవరిని కాల్చాలో తెలియదు. తరువాత ఇంటి మీదికి ట్రాక్టర్ వస్తుంది. దానిని నడిపేవాడు పరాయివాడు కాడు, పొరుగురైతు కొడుకే. రోజుకు మూడు డాలర్ల కూలికి ఒప్పుకొన్నాడు. అతడికీ పెళ్ళాం బిడ్డలు ఉన్నారు. ట్రాక్టర్ ఇంటిని కూలదోసి వెళ్ళిపోతుంది. మ్యూలీ కుటుంబం నిలుచుండిపోతుంది. కెమేరా వారి ముఖాల నుంచి దిగి, చక్రాల గాళ్ళు పడిన నేలమీద వారి నీడలను చూపుతుంది. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ ప్రతిభకు ఆ నీడలు చాలును. శత్రువుకు ముఖం లేకపోవడమే ఈ కాలపు అన్యాయాలలోని ప్రత్యేకత అని ఆ దృశ్యం ఒక్క ఉపన్యాసవాక్యం లేకుండా తెలియజేస్తున్నది.

ఇంత సత్యం చెప్పిన చిత్రం చివరకు వచ్చేసరికి తడబడినది. నవలలో జోడ్ కుటుంబం ముందుగా ప్రభుత్వ శిబిరంలో కొంత మర్యాదగా బ్రతికి, ఆ తరువాత సమ్మె జరుగుతున్న తోటకు తెలియక కూలికి వెళ్ళి, వరదలలో చిక్కి, అన్ని విధాలా అడుగంటుతుంది. మృతశిశువును ప్రసవించిన కూతురు ఒక పాకలో ఆకలితో చావుకు సిద్ధంగా ఉన్న అపరిచితుడికి తన చనుబాలు ఇవ్వడంతో నవల ముగుస్తుంది. చిత్రంలో ఈ క్రమాన్ని తారుమారు చేసినారు. సమ్మె, హత్య ముందుకు జరిగినవి. ప్రభుత్వ శిబిరం వెనుకకు వచ్చినది. నవలలో మెట్లు దిగిన కథ చిత్రంలో మెట్లు ఎక్కినది. చివర తల్లి ట్రక్కులో కూర్చుండి, తమవంటి సామాన్య ప్రజలకు అంతం లేదని ధైర్యంగా పలుకుతుంది. ఆ భావం నవలలోనిదే, కాని మధ్యభాగంలోనిది. నడుమ ఉన్నప్పుడు అది ఓదార్పు. చివరికి తెచ్చినప్పుడు తీర్పు అయినది. వాక్యాన్ని మార్చకుండానే, దాని స్థానాన్ని మార్చి అర్థాన్ని మార్చవచ్చునని రచయితలకు ఇది మంచి పాఠం. అయినప్పటికీ ఒక విషయంలో ఈ చిత్రాన్ని మెచ్చుకోవలసి ఉన్నది. బాధ పడినవారే మొదటినుంచి చివరివరకు కథను నడిపినారు. ఫలం కల్తీ అయినదేమో గాని, పరుల చేతికి పోలేదు.

తరువాతి కాలపు చిత్రాలలో ఫలం చేతులు మారడం మొదలయినది. అందుకు అత్యుత్తమమైన ఉదాహరణ 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్'. రెజినాల్డ్ రోజ్ 1954లో టెలివిజన్ కోసం వ్రాసిన నాటకాన్ని 1957లో సిడ్నీ లుమెట్ చిత్రంగా తీసినాడు. దర్శకుడుగా అది అతడి మొదటి చలనచిత్రం. తండ్రిని చంపినాడన్న నేరం మీద విచారణకు వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడి ప్రాణం పన్నెండుమంది జ్యూరీ సభ్యుల ఏకగ్రీవ నిర్ణయం మీద ఆధారపడి ఉన్నది. మొదటి ఓటులో పదకొండుమంది అతడు దోషి అంటారు. ఎనిమిదవ సభ్యుడు మాత్రం తనకు నిశ్చయంగా తెలియదంటాడు. ఒక మనిషిని చంపే ముందు కాసేపు మాట్లాడుకొందాము అన్నంత మాత్రమే అతడి కోరిక.

శిల్పదృష్టితో చూచినపుడు ఈ చిత్రం ఒక అద్భుతం. గంటన్నరకు పైబడిన చిత్రంలో కొద్ది నిమిషాలు తప్ప తక్కినదంతా ఒకే గదిలో జరుగుతుంది. మొదటి భాగంలో కెమేరా కంటి ఎత్తుకు పైన ఉంటుంది. నడుమ కంటికి సమానంగా దిగుతుంది. చివరి భాగంలో కంటికి క్రిందికి పోయి గది కప్పును సైతం చూపుతుంది. కటకాలను కూడ క్రమంగా మార్చుతూ పోయినందువలన గోడలు మనుష్యుల మీదికి జరిగి వస్తున్నట్లు తోస్తుంది. ప్రేక్షకుడు ఇదేదీ గమనించడు. ఉక్కపోతను మాత్రం అనుభవిస్తాడు. మురికివాడలలో పుట్టినవాళ్ళందరూ ఇంతే అని ఒక సభ్యుడు నోరు చేసుకొన్నప్పుడు, మిగిలినవారు ఒక్కొక్కరే లేచి అతడికి వీపు త్రిప్పి నిలబడే ఘట్టం నాటకకళకే ఒక అలంకారం.

ఇప్పుడు మన కొలతను ప్రయోగించి చూతము. ఈ కథలో ప్రాణం పోయేది ఎవరిది? ఆ కుర్రవాడిది. అతడి ముఖం చిత్రారంభంలో ఒక్కసారి కనబడుతుంది. నోరు విప్పడు. అతడి జాతి ఏదో చిత్రం స్పష్టంగా చెప్పదు. పన్నెండుమందీ తెల్లజాతి పురుషులే. చివరకు అతడు విడుదల అయినట్లు కూడ మనకు చూపరు. చూపేది మూడవ సభ్యుడిని. తన కొడుకు మీది కోపాన్ని పరాయివాడి కొడుకు మీద తీర్చుకొంటున్నానని గ్రహించి, ఆ కొడుకు ఛాయాచిత్రాన్ని చించివేసి విలపించిన తండ్రి అతడు. కాబట్టి ఈ కథాఫలం చిత్తశుద్ధి. ఆ ఫలానికి ప్రభువు జ్యూరీ సభ్యుడు. కుర్రవాడు, మన లాక్షణికుల భాషలో, కేవలం ఆలంబనం.

ఇది దోషమా? ఇక్కడ తొందరపడరాదు. ఈ చిత్రం ఆ కుర్రవాడి బ్రతుకును గురించి చెబుతానని ఎప్పుడూ ప్రతిజ్ఞ చేయలేదు. పరులను గురించి తీర్పు చెప్పే అధికారం చేతికి వచ్చినవారు తమ మనస్సులను ఎట్లు శోధించుకోవాలన్నది దీని వస్తువు. ఆ హద్దులో అది నిర్దుష్టం. అందువల్లనే అది దేశాంతరాలకు సులభంగా ప్రయాణం చేయగలిగినది. బాసు చటర్జీ దీనిని 1986లో 'ఏక్ రుకా హువా ఫైస్లా' అనే పేర హిందీలో తీసినాడు. అప్పటికే 1973 నాటి నేరవిచారణ స్మృతిలో జ్యూరీ పద్ధతికి మన దేశంలో స్థానం లేకుండా పోయినది. లేని వ్యవస్థను గురించిన కథ అయినా మన ప్రేక్షకులకు పరాయిగా తోచలేదు. సంఘంలోని ప్రత్యేక అన్యాయాన్ని వదలివేసి, మనిషి మనస్సులోని సామాన్య దోషాన్ని పట్టుకొన్నందున కలిగిన లాభమిది. నష్టమూ అదే.

ఆ నష్టం ఎంత ఖరీదయినదో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చూచిన తరువాత అర్థమవుతుంది. హార్పర్ లీ నవల 1960లో వెలువడినది. రాబర్ట్ మల్లిగన్ దర్శకత్వాన 1962లో చిత్రం వచ్చినది. 1930ల నాటి అలబామాలోని ఒక చిన్న ఊరు. తెల్లజాతి యువతిపై అత్యాచారం చేసినాడన్న అబద్ధపు నేరం టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలివాడి మీద పడుతుంది. ఆటికస్ ఫించ్ అనే న్యాయవాది అతడి పక్షాన నిలుస్తాడు. గ్రెగరీ పెక్ ఆ పాత్రకు ఇచ్చిన గాంభీర్యం మరువరానిది. తండ్రిని పిల్లల కళ్ళతో చూపడం వలన ఆ పాత్రకు ఒక విధమైన పవిత్రత కూడ లభించినది.

ఈ చిత్రంలో టామ్ రాబిన్సన్ తన హృదయాన్ని విప్పిన క్షణం ఒక్కటే ఉన్నది. ఆ యువతికి పనులలో ఎందుకు సహాయపడినావని ప్రభుత్వ న్యాయవాది అడిగినప్పుడు, ఆమెను చూచి జాలిపడినానని అతడు నిజం చెబుతాడు. బ్రాక్ పీటర్స్ అభినయంలో ఆ మాట చెప్పకముందే దాని ఫలితం అతడి కళ్ళలో తెలుస్తుంది. నల్లవాడు తెల్లవారిపై జాలిపడడమా! మోపిన నేరం కంటే ఆ జాలియే పెద్ద నేరమైనది. వర్ణవివక్ష లోతును ఇంతకంటె సూటిగా పట్టుకొన్న మాట ఆ చిత్రం మొత్తంలో మరొకటి లేదు. ఆ మాట పలికినవాడు టామ్, ఆటికస్ కాదు. కాని చిత్రం అతడితో పాటు వెళ్ళలేదు. శిక్ష పడిన తరువాత టామ్ ఇక తెరమీదికి రాడు. పారిపోబోయి కాల్పులలో మరణించినాడన్న వార్త మాత్రం వస్తుంది. దానికి ముందు, న్యాయస్థానం ఖాళీ అవుతుండగా, పై వసారాలో కూర్చున్న నల్లజాతివారందరూ ఓడిపోయి వెళ్ళిపోతున్న ఆటికస్ గౌరవార్థం లేచి నిలబడతారు. ఆ ఘట్టంలో కంట తడిపెట్టని ప్రేక్షకుడు ఉండడు. తరువాత ఆలోచించినపుడే ఒక సందేహం పీడిస్తుంది. తమవాడి మెడకు ఉరి బిగిసిన ఆ క్షణంలో వారి మనస్సులలో ఉన్నది కృతజ్ఞత ఒక్కటేనా? కోపం లేదా? భయం లేదా? టామ్ భార్యకు ఏమి చెప్పాలన్న దుఃఖం లేదా? ఉన్నవేమో చిత్రానికి తెలియదు. కథాఫలం అప్పటికే ఆటికస్ చేతిలో పెట్టినందువలన, దానిని చూపడానికి వారిని నిలబెట్టినారు.

2015లో హార్పర్ లీ తొలి చిత్తుప్రతి 'గో సెట్ ఎ వాచ్‌మన్' అచ్చయినది. అందులో వృద్ధుడైన ఆటికస్ వర్ణభేదాన్ని సమర్థించే వాడుగా కనబడినందుకు పాఠకులు చాలామంది కలత చెందినారు. ఒక వ్యక్తి మంచితనం మీద న్యాయమంతటినీ నిలబెట్టుకొన్న కథకు ఆ కలత తప్పనిది. ఆ మనిషి కదిలినపుడు న్యాయమే కదిలినట్లు తోస్తుంది. టామ్ రాబిన్సన్ నిర్దోషి అన్న సత్యం మాత్రం ఆటికస్ ఎట్టివాడైనా మారదు. పాఠకుడి దృష్టిని అక్కడ నిలిపి ఉంచగల కట్టడి కథలో లేకపోయినది.

ఇక 1954 సంవత్సరం. కార్మికులను గురించిన రెండు అమెరికన్ చిత్రాలు ఆ ఒక్క సంవత్సరంలోనే వచ్చినవి. రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూచినపుడు మన ప్రశ్న తేటపడుతుంది.

మొదటిది ఎలియా కాజాన్ తీసిన 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్'. న్యూయార్కు రేవులలోని దౌర్జన్యాలను గురించి మాల్కం జాన్సన్ వ్రాసిన పత్రికావ్యాసాలు దీనికి మూలం. రేవు కూలీల సంఘం ఒక గూండా చేతిలో చిక్కి ఉన్నది. పని కావాలన్నవాడు చెవిటివాడూ మూగవాడూ కావలసినదే. ఓడిపోయిన ముష్టియోధుడు టెర్రీ మల్లాయ్ మనస్సు మారి, విచారణ సంఘం ఎదుట సాక్ష్యం చెప్పడం ఇతివృత్తం. మార్లన్ బ్రాండో నటన ఆ తరం నటులకు ఒక క్రొత్త బాట చూపినది. చిత్రానికి ఎనిమిది ఆస్కార్ బహుమతులు లభించినవి. ఇక్కడ ఒక చరిత్రాంశం గుర్తుంచుకోవాలి. ఆ రోజులలో అమెరికా ప్రతినిధుల సభవారి విచారణ సంఘం ఒకటి కమ్యూనిస్టులను వెదకుతూ కళాకారులను పిలిపించి, తోటివారి పేర్లు చెప్పమని నిర్బంధిస్తుండెను. 1952 ఏప్రిల్‌లో కాజాన్ తన పూర్వమిత్రుల పేర్లు ఎనిమిది చెప్పినాడు. చిత్రకథ వ్రాసిన బడ్ షుల్బర్గ్ కూడ అంతకు ముందే పేర్లు చెప్పి ఉన్నాడు. సాక్ష్యం చెప్పి గర్వించిన టెర్రీలో తన గొంతే ఉన్నదని కాజాన్ 1988లో ప్రచురించిన ఆత్మకథలో ఒప్పుకొన్నాడు. ఈ సంగతి తెలిసినంత మాత్రాన చిత్రం చెడిపోదు. కాని చిత్రంలోని ఒక వెలితికి కారణం దొరుకుతుంది. వందలమంది కూలీలు ఉన్న ఆ రేవులో మనస్సాక్షి ఒక్కడికే ఉన్నది. తక్కినవారు మొదట భయపడి మౌనంగా ఉంటారు. చివర దెబ్బలు తిని రక్తమోడుతున్న టెర్రీ అడుగులో అడుగు వేస్తూ గిడ్డంగి వైపు నడచినపుడు మౌనంగా అతడిని అనుసరిస్తారు. రెండు మౌనాలకూ భేదం లేదు. సంఘం వారిది, విజయం టెర్రీది.

రెండవది 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'. దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మన్, ఆ విచారణ సంఘానికి లొంగక కారాగారానికి వెళ్ళిన పదిమందిలో ఒకడు. రచయిత మైకేల్ విల్సన్ పేరు పరిశ్రమవారి నిషేధ జాబితాలో ఉన్నది. న్యూ మెక్సికోలో ఎంపైర్ జింక్ కంపెనీ గనులలో 1950 నుంచి 1952 వరకు జరిగిన నిజమైన సమ్మె దీని వస్తువు. మెక్సికన్ సంతతికి చెందిన ఆ గనికార్మికులు తెల్లజాతి కార్మికులతో సమానత్వం కోరినారు. న్యాయస్థానం కార్మికులు గని ముందు నిలబడరాదని ఉత్తరువు చేసినది. ఉత్తరువు కార్మికులకే గాని వారి భార్యలకు వర్తించదు కదా అని స్త్రీలు వచ్చి ఆ స్థానాలలో నిలిచినారు. మగవారు ఇండ్లలో బట్టలు ఉతుకుతూ, కట్టెలు కొడుతూ, పిల్లలను చూచుకొనవలసి వచ్చినది. వేడినీటి కుళాయిలు కావాలన్న కోరిక కోర్కెల జాబితాలో ఎందుకు ముఖ్యమో మగవారికి అప్పుడు బోధపడినది. ఈ కథనంతటినీ చెప్పేది ఎస్పెరాంజా అనే గనికార్మికుని భార్య. చిత్రారంభంలో ఆమె తన భర్త రమోన్‌కు జడిసి మాట్లాడలేని మనిషి. చివరకు భర్తను నిలదీయగలిగిన మనిషి.

ఈ చిత్రం తయారైన విధానం రచయితలు గమనింపదగినది. విల్సన్ తాను వ్రాసిన కథను గనికార్మికుల కుటుంబాలకు వినిపించినాడు. రమోన్ పరస్త్రీతో సంబంధం పెట్టుకొన్నట్లున్న ఘట్టాన్ని వారు అంగీకరించలేదు, దానిని తీసివేసినాడు. పాత్రధారులు చాలామంది ఆ కుటుంబాలవారే. రమోన్‌గా నటించిన హువాన్ చాకోన్ ఆ కార్మిక సంఘానికే అధ్యక్షుడు. ఎస్పెరాంజాగా నటించిన మెక్సికన్ నటి రోసౌరా రెవుయెల్తాస్‌ను చిత్రీకరణ జరుగుతుండగానే అధికారులు నిర్బంధించినారు. చిత్రం పూర్తికాకముందే ఆమె స్వదేశానికి పోవలసి వచ్చినది. పూర్తి అయిన చిత్రాన్ని చూపడానికి సినిమాశాలలు భయపడినవి. చాలాచోట్ల యంత్రం నడిపేవారు నిరాకరించినారు. అటువంటి చిత్రాన్నే 1992లో ఆ దేశపు జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చి భద్రపరచినారు.

ఈ చిత్రంలో దోషాలు లేవని కాదు. కంపెనీవారి పాత్రలు కాగితం మీద గీసిన బొమ్మలు. కొన్ని సంభాషణలు సభలలోని తీర్మానాలను తలపింపజేస్తవి. బ్రాండో కనురెప్ప కదలికలో ఉన్న జీవం ఇందులోని పలువురి నటనలో లేదు. కళగా తూచి చూచినపుడు 'ఆన్ ది వాటర్‌ఫ్రంట్' వైపే త్రాసు మొగ్గుతుందని నిర్మొహమాటంగా ఒప్పుకోవాలి. అయినా చివరి ఘట్టం చూడండి. కార్మికుని ఇంటి సామానులను అధికారులు బయటికి మోస్తుంటారు. స్త్రీలు వాటిని మరొక దారిన తిరిగి లోపలికి మోస్తుంటారు. ఎవరూ ఉపన్యసించరు. ఒక్కరూ ముందు నడవరు. ఊరి జనమంతా కొండవాలున చేరి చూస్తుండగా అధికారులు వెనుదిరుగుతారు. ఫలం ఎవరిదో అడగవలసిన అవసరమే లేదు. ఆ ఇంటి సామానులు ఎవరివో ఫలమూ వారిదే.

ఒక అభ్యంతరం ఇక్కడ రాక తప్పదు. రసాస్వాదనకు ఒక వ్యక్తి కావాలి గదా, సమూహం మీద ప్రేక్షకుడి హృదయం ఎట్లు లగ్నమవుతుంది, సాధారణీకరణం జరగడానికి ఒక ఆశ్రయం ఉండవద్దా అని ప్రశ్నించవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అయితే 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్'లో ఆశ్రయం లేకపోలేదు, ఎస్పెరాంజా ఉన్నది. ఒక్కరా పలువురా అన్నది అసలు భేదం కాదు. గాయపడిన మనిషికే నోరు ఇచ్చినారా, గాయం ఒకరికి ఉంచి నోరు మరొకరికి ఇచ్చినారా అన్నది భేదం. ప్రేక్షకుడు తనవంటివాడితోనే తాదాత్మ్యం చెందగలడన్న భయంతో మంచివాడిని మధ్యవర్తిగా ప్రవేశపెట్టడం వ్యాపారపు లెక్క, రసశాస్త్రం కాదు. అడవిలో విడువబడిన సీతతోను, జూదంలో ఒడ్డబడిన ద్రౌపదితోను తాదాత్మ్యం చెందడానికి మనకు మధ్యవర్తి అవసరం కాలేదు.

ఈ మధ్యవర్తిని పూర్తిగా తొలగించి చూపినవాడు స్పైక్ లీ. అతడి 'డూ ది రైట్ థింగ్' 1989లో వచ్చినది. బ్రూక్లిన్‌లో నల్లజాతివారు నివసించే ఒక వీధి, వేసవిలో అత్యంత ఉష్ణమైన ఒక రోజు, సాల్ అనే ఇటాలియన్ సంతతివాడు నడిపే ఒక పిజ్జా దుకాణం. దుకాణం గోడమీద ఉన్న ప్రసిద్ధుల పటాలన్నీ ఇటాలియన్ సంతతివారివే. తినడానికి వచ్చేవారందరూ నల్లవారైనప్పుడు నల్లవారి పటం ఒకటైనా ఉండవద్దా అని ఒకడు అడుగుతాడు. ఇంత చిన్న తగవు రాత్రికి పెద్దదవుతుంది. రేడియో రహీం అనే యువకుణ్ణి పోలీసులు మెడ బిగించి చంపుతారు. దుకాణంలో పనిచేసే మూకీ ఒక చెత్తడబ్బా ఎత్తి దుకాణపు అద్దం మీద విసురుతాడు. దుకాణం తగలబడిపోతుంది.

ఇందులో ఆటికస్ లేడు. సాల్ దుర్మార్గుడు కాడు; ఆ పిల్లలు తన చేతి తిండి తిని పెరిగినారని గర్వపడేవాడు. మూకీ వీరుడు కాడు. మరునాడు ఉదయం కాలిన దుకాణం ముందుకు వచ్చి తనకు రావలసిన జీతం అడుగుతాడు. మంచి చేయమని చెబుతున్న చిత్రం ఆ మంచి ఏదో మాత్రం చెప్పదు. అహింసను చెప్పిన మార్టిన్ లూథర్ కింగ్ మాట ఒకటి, ఆత్మరక్షణకు హింసను తప్పుపట్టని మాల్కం ఎక్స్ మాట ఒకటి చివర తెరమీద చూపి ముగిసిపోతుంది. చిత్రం విడుదలైనప్పుడు దీని వలన అల్లరులు జరుగుతవని భయపడిన విమర్శకులు ఉన్నారు. అల్లరులు జరగలేదు. మూకీ అద్దం పగులగొట్టినది న్యాయమేనా అని తెల్లజాతి ప్రేక్షకులు తనను అడుగుతుంటారనీ, నల్లజాతివారు ఒక్కరూ ఆ ప్రశ్న అడగరనీ దర్శకుడు చెప్పినాడు. ఒక కుర్రవాడు చనిపోయిన ఘట్టంలో అద్దాన్ని గురించి తర్కించే మనస్సును ఆ చిత్రం బయటపెట్టినది. ప్రేక్షకుడు నిలబడడానికి మంచివాడి నీడ ఇవ్వనందువల్లనే అది సాధ్యమైనది. 2020లో మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు మోకాలి క్రింద మరణించినప్పుడు ఎందరికో ఈ చిత్రం మళ్ళీ గుర్తు వచ్చినది. ముప్పదియేండ్ల క్రిందటి కల్పన వార్తగా మారడం కళాకారుడికి గౌరవం కావచ్చును. దేశానికి మాత్రం కాదు.

మన సాహిత్యంలో ఈ ప్రశ్నకు సమాధానం ఎప్పుడో వెలువడినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో కారాగారంలో వ్రాసిన 'మాలపల్లి'కి రామదాసు కుటుంబమే కేంద్రం. ఆయన ఆ పల్లెలో పుట్టినవారు కారు. అయినప్పటికీ తమవంటి సంస్కర్తను ఒకరిని నాయకుడుగా నిలిపి, మాలపల్లిని అతడి ఔదార్యానికి రంగస్థలం చేయలేదు. సంగదాసు హత్యకు గురి అయినాడు. ఆ నవలకు రెండవ పేరు 'సంగవిజయము'. చనిపోయినవాడికే విజయాన్ని కట్టబెట్టిన ఆ పేరులో ఫలస్వామి ఎవరో నిర్ణయమైపోయినది. బయటివాడు వ్రాయరాదన్న వాదానికీ, బయటివాడినే నాయకుణ్ణి చేయక తప్పదన్న వాదానికీ ఆ నవల ఒక్కటే సమాధానం చెబుతున్నది. మన తరువాతి సంస్కరణ కథలలో, చిత్రాలలో అగ్రవర్ణపు యువకుని హృదయ పరివర్తనం ఎంత చోటు ఆక్రమించినదో తలచుకొన్నప్పుడు, ఉన్నవవారి మార్గంలో మనం ముందుకు పోయినామా, వెనుకకు వచ్చినామా అనే సంశయం కలుగక మానదు.

అమెరికన్ చిత్రాలను నిందించుటకు గాని, వాటి చేత మన రచనలను కొలిపించుటకు గాని ఈ పరిశీలన ఉద్దేశింపబడలేదు. ఒక పెద్ద పరిశ్రమ, అపార ధనం, అసాధారణ ప్రతిభ కలిగిన కళాకారులు అర్ధశతాబ్ది పాటు ఒకే చిక్కుతో ఎట్లు పెనగులాడినారో చూచుట మనకు లాభకరం. మంచివాడిని చిత్రించుట తప్పు కాదు. ఎనిమిదవ జ్యూరీ సభ్యుడు లేని లోకంలో ఆ కుర్రవాడికి మరణశిక్ష తప్పదు. కాని కథ ముగించే ముందు రచయిత తన వ్రాతప్రతిని ఒక్కసారి తిరగవేసి, బాధపడినవాడు ఎన్ని పుటలలో ఉన్నాడో, ఎన్ని పుటలలో మాట్లాడినాడో, చివరి పుటలో ఎక్కడ ఉన్నాడో లెక్క చూచుకోవడం మంచిది. చివరి పుటలో అతడు కనబడకపోతే, అతడి కథ అనుకొని మనం వ్రాసినది మరెవరి కథయో అయి ఉంటుంది.